తడి ఉన్ని బిగించకూడదు

"రింగులు కూడా సంచిలో పెట్టేసిందే," అన్నాడు అన్నయ్య, వంటింటి గుమ్మంలో నిలబడి, చెల్లెలు పిన్నీసుకి మాత్రమే వినబడేలా.

పిన్నీసు చేతిలో గిన్నె కింద పెట్టేసింది. అమ్మ బట్టలు సర్దుకుందంటే అది కోపం, సాయంత్రానికి చల్లారుతుంది. రఫూ రింగులు సర్దుకుందంటే అది నిర్ణయం. చిరిగిన బట్టని పోగు పోగు కలిపి అతికేటప్పుడు బిగించి పట్టే ఆ చెక్క రింగులు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వీధి చివర అమ్మ కొట్టు దాటి ఎక్కడికీ వెళ్ళి ఎరగవు.

"ఎక్కడికట?"

"పెద్దమ్మ ఇంటికి. నాతో చెప్పలేదులే. గోడతో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను."

"అంతా నీ వల్లే."

"నా వల్లేంటే? దాచింది నువ్వు. నేను ఊరికే నోరు జారాను."

అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. అంత ట్రాఫిక్‌లో బండికి ఒక్క గీత పడనివ్వని మనిషి, మొన్న భోజనాల దగ్గర ఒక్క మాటకి బ్రేకు వేయలేకపోయాడు. "నాన్న కళ్ళు ఎవరికీ పెట్టలేదుగా, పరిశోధనకి ఇచ్చారు. చెల్లి నీకు చెప్పలేదా?" అన్నాడు. అంతే. అమ్మ, వీధంతా 'రఫూ అమ్మ' అని పిలిచే మనిషి, కంచం ముందు నుంచి లేచిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు.

ఆయన పోయిన ఈ ఏడు నెలలుగా, ఆ కళ్ళు ఇంకెవరికో పెట్టారన్న నమ్మకం మీదే ఆవిడ బతుకుతోంది. ఆయన బోర్డులు రాసేవాడు. స్కేలు పెట్టకుండా పది అడుగుల గీత గీస్తే పక్కవాళ్ళు తాడు పట్టి చూసి ఓడిపోయేవారు. కొట్టు మీద 'రఫూ' అన్న రెండక్షరాలు కూడా ఆయన రాసినవే. ఆయన పోయాక, దారిన పోయేవాళ్ళెవరైనా ఆ బోర్డు కేసి ఒక్క క్షణం ఎక్కువ చూస్తే చాలు, రఫూ అమ్మ స్టూలు జరిపి కూర్చోమనేది. మంచినీళ్ళిచ్చేది. ఏమీ అడిగేది కాదు. ఆ చూపు ఎవరిదో తనకి తెలుసనుకునేది.

పిన్నీసు చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, చిన్నప్పుడు కొట్లో పాకుతూ కనబడిన పిన్నీసులన్నీ గౌనుకి గుచ్చుకునేదని ఇంట్లో ఈ పేరే స్థిరపడింది.

"అమ్మా, ఒక్కసారి నా మాట విను."

రఫూ అమ్మ సంచి మూతికి తాడు చుడుతోంది.

"నాన్న కంటి పై పొర పల్చబడిపోయింది, ఇంకొకరికి పెడితే నిలవదన్నారు. పరిశోధనకి ఇస్తారా అని నన్నే అడిగారు. సరేనని సంతకం పెట్టాను. అప్పటికే నువ్వు ఎవరు పలకరించినా, ఆయన చూస్తూనే ఉన్నారు అంటున్నావు. నువ్వు నిలబడ్డదే ఆ మాట మీద. ఎలా చెప్పమంటావు?"

రఫూ అమ్మ తాడు ముడి వేసింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. ఆ తరవాత, రెండు రోజులకి కూతురితో మొదటి మాట మాట్లాడింది.

"ఎంతమందికి స్టూలు వేశానో తెలుసా నీకు?"

పిన్నీసు తల దించుకుంది.

"చూపు ఆనక, బోర్డు చదవలేక నిలబడ్డవాళ్ళకి కూడా వేశానే."

అన్నయ్యకి నవ్వు వచ్చింది. ఆ వెనకే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రెండూ ఒకేసారి దాచుకోవడం చేతకాక, డ్యూటీకి టైమైందని చెప్పి చెప్పులేసుకున్నాడు. వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇప్పుడెక్కడున్నాయి?" అంది రఫూ అమ్మ.

"తెలియదమ్మా."

"నువ్వు పనిచేసేది ఆ కళ్ళ ఆసుపత్రిలోనేగా?"

"అక్కడ పేర్లుండవు. నెంబర్లే ఉంటాయి. నాన్నవి మా ల్యాబుకే వచ్చాయో, ఇంకో ల్యాబుకి పోయాయో నాకు తెలియదు. తెలుసుకోకూడదు. అది మా రూలు."

"మంచి రూలే. అబద్ధం చెప్పకూడదన్న రూలు పెట్టుకోలేదా మరి?"

పిన్నీసు సంచి అందుకోబోయింది.

"పద," అంది రఫూ అమ్మ, సంచి భుజాన వేసుకుంటూ. "అక్కడేం చేస్తారో నా కళ్ళతో చూస్తాను. చూసి అటునుంచి అటే మీ పెద్దమ్మ దగ్గరికి పోతాను."

"ఇవాళ వద్దమ్మా. ఇవాళ మూడింటికి..."

"మూడింటికి ఏంటి?"

ఈ సంగతి అమ్మకి ఎలా చెప్పాలా అని వారం రోజులుగా మురిసిపోతోంది పిన్నీసు. ఇలా చెప్పాల్సి వస్తుందనుకోలేదు. "బయటి నుంచి ఐదుగురు పెద్ద డాక్టర్లు వస్తున్నారు. మా డాక్టరమ్మ వాళ్ళకి ఒక కొత్త సంగతి చూపిస్తుంది. అది నేను తీసిన బొమ్మ. కింద నా పేరుంటుంది." ఇంత తగవులోనూ గొంతులో గర్వం ఆగలేదు. "డాక్టరు కానివాళ్ళ పేరు వేయడం మా ల్యాబులో ఇదే మొదటిసారి."

రఫూ అమ్మ కూతురి కేసి తిన్నగా చూసింది. కోపం కోపంగానే ఉంది. కానీ పక్కనే ఇంకేదో వచ్చి నిలబడింది.

"నీ తెల్లకోటు జేబు ఊడి వేలాడుతోంది. పేరు వేసుకునేవాళ్ళు అలా పోతారా? ఇటివ్వు," అంది.

కట్టిన సంచిని మళ్ళీ విప్పి సూది తీసింది. రెండు నిమిషాల్లో జేబు అతికింది. ఎక్కడ అతికిందో పిన్నీసు వెతికినా కనిపించలేదు. సంచికి మళ్ళీ అంతే గట్టిగా ముడి పడింది.

* * *

కళ్ళ ఆసుపత్రి మూడో అంతస్తు చివర, కిటికీ లేని గది. చల్లగా ఉంటుంది. మధ్యలో రాతి బల్ల, దాని మీద మైక్రోస్కోపు, పక్కన రెండు తెరలు. తలుపు దగ్గర బట్టల బీరువా అంత ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం, దాని మీద వరసగా నెంబర్లు.

"ఇందులో ఎంతమంది?" అంది రఫూ అమ్మ.

"పదకొండు మంది."

ఆవిడ ఆ నెంబర్లన్నీ పైనుంచి కిందికి చదివింది. అడగాలనుకున్నది అడగలేదు. ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచి, తీసేసింది.

పిన్నీసుకి అమ్మ ఏడిస్తే ఓదార్చడం తెలుసు. ఇలా ఊరుకుంటే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. అందుకని పని గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"కంటి లోపల నీరు ఊరుతూనే ఉంటుందమ్మా. కన్నీళ్ళు కాదు, అవి వేరు. ఈ నీరు ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. నల్లగుడ్డు అంచు చుట్టూరా సన్నటి జల్లెడ లాంటిది ఉంటుంది, అందులోంచి ఇంకిపోతుంది. అది సరిగ్గా పోకపోతే లోపల ఒత్తిడి పెరిగి చూపు కొంచెం కొంచెంగా ఆరిపోతుంది. నీటికాసులంటారే, అదే."

"ఆ జల్లెడకి బొమ్మ తీస్తావా?"

"అదే నా పని. రంగులు కూడా అక్కర్లేదు. లేజరు వెలుతురు పడితే ఆ పోగులు వాటంతటవే మెరుస్తాయి. వెంట్రుకని వంద చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతుంటుందో, అంత సన్నటి పోగు కూడా కనిపిస్తుంది."

"ఏదీ, చూపించు నీ బొమ్మ."

బొమ్మ పక్క గదిలో ఉంది. మధ్యాహ్నం వచ్చేవాళ్ళ కోసం దాన్ని తలుపంత సైజులో అచ్చు వేయించి గోడకి ఆనించారు. నల్లటి నేల మీద తెల్లటి పోగులు, వేలకి వేలు, ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ పోతున్నాయి. వాటి మధ్య ఐదు చోట్ల మాత్రం పోగులు తెగి, పెద్ద పెద్ద కంతలున్నాయి.

రఫూ అమ్మ సంచి కింద పెట్టింది. నోరు తెరిచి అలాగే చూసింది.

"అబ్బ," అంది చివరికి. "ఇంత సన్న నేత నేను ఎక్కడా చూడలేదే. ఇది ప్రతి మనిషి కంట్లోనూ ఉంటుందా?"

"నీ కంట్లో కూడా ఉంది."

"దీన్ని ఇంత స్పష్టంగా తీసింది నువ్వేనా?"

"నేనే."

రఫూ అమ్మ ముక్కు కొంచెం పైకి లేచింది. కూతురు బళ్ళో మొదటి మార్కు తెచ్చుకున్న రోజున కొట్లో కూర్చుని ఆవిడ ఇలాగే ముక్కు ఎగరేసి కుట్టేది. పిన్నీసుకి ప్రాణం లేచి వచ్చింది. అమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్ళదనుకుంది.

"మరి ఈ కంతలేంటి?"

"అదేనమ్మా కొత్త సంగతి. ఈ మనిషికి నీటికాసులు ఉండేవి. లోపలి ఒత్తిడికి పోగులు తెగిపోయాయని డాక్టరమ్మ అంటోంది. ఇలా తెగడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. మూడింటికి ఆవిడ చెప్పబోయేది ఇదే."

రఫూ అమ్మ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. మొదటి కంత దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి చూసింది. రెండోదానికి వెళ్ళింది. మూడోదానికి.

ఇక్కడ ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. బట్ట ఉతికినవాళ్ళకీ తొడుక్కున్నవాళ్ళకీ తగవొస్తే, ఆ వీధుల్లో తీర్పు ఆవిడదే. కోటు తెచ్చి ముందు పడేస్తారు. పురుగు కొట్టిందా, నిప్పు పడిందా, మేకుకి తగిలిందా, వాడి వాడి అరిగిందా, చిరుగు చూసి చెబుతుంది. ఓడినవాళ్ళు గొణుక్కుంటూ పోతారే గానీ, కాదని ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు.

"ఇది జబ్బుకి తెగింది కాదు," అంది రఫూ అమ్మ.

"అమ్మా, నెమ్మదిగా."

"నెమ్మదిగానే అంటున్నాను. అరిగి తెగితే పోగు చివర పల్చబడి పీచు లేస్తుంది. ఇక్కడ చూడు, చివరలన్నీ వెనక్కి చుట్టుకుపోయాయి. లాగితే తెగిన పోగే ఇలా చుట్టుకుంటుంది. పైగా ఐదు కంతలూ ఒకే వైపుకి నోళ్ళు తెరిచాయి. జబ్బు ఒకే వైపు నుంచి లాగుతుందా?"

"ఇది బట్ట కాదమ్మా."

"పోగు పోగే." ఆవిడ లేచి నిలబడింది. కూతురి మొహంలోకి చూసింది. "తడిగా ఉన్నప్పుడు బిగించావా దీన్ని?"

పిన్నీసు చూపు ఆ చుట్టుకున్న పోగుల మీదికి మళ్ళింది.

నాలుగు నెలల కిందటి మాట. కంటి జల్లెడ నుంచి తీసిన రిబ్బను ముక్కంత కణజాలం ద్రవంలో వేయగానే చుట్ట చుట్టుకుపోతుంది. దాన్ని ద్రవంలోనే వదిలేసి, దానంతటది పరుచుకునే దాకా ఆగాలి. అది పద్ధతి. ఆ రోజు ఆగే ఓపిక లేక, మైనం పలక మీద ఆరు పిన్నులు గుచ్చి, అమ్మ రింగులో బట్ట బిగించినట్టు బిగించింది. బొమ్మ అద్దంలా వచ్చింది. "నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్," అంది డాక్టరమ్మ. ఆ ఏదో అమ్మ దగ్గర నేర్చుకున్నదేనని ఆ రోజంతా పిన్నీసు లోలోపల పొంగిపోయింది.

"బిగించాను," అంది ఇప్పుడు. "నీలాగే బిగించాను."

"నాలాగా? తడి ఉన్ని బిగించకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? పొడి బట్టకి రింగు. తడి ఉన్నికి నేల, పరిచి వదిలేయడమే. నీ ఎనిమిదో ఏట చెప్పాను. ఆ నీలం స్వెట్టరు పాడు చేసినప్పుడు."

"గుర్తుంది."

"బిగించినట్టు రాశావా ఎక్కడైనా? మీకు పుస్తకం ఉంటుందన్నావుగా."

"రాయలేదు. ఎప్పటిలాగే చేశానని రాశాను."

పక్క గదిలో యంత్రం గుయ్యిమంటోంది. పిన్నీసు వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"మూడింటి దాకా ఊరుకోమ్మా," అంది పిన్నీసు, గొంతు బాగా తగ్గించి. "వాళ్ళు వెళ్ళిపోయాక నేనే చెప్తాను. ఒట్టు."

"నాకూ తరవాతే చెబుదామనుకున్నావు. ఏడు నెలలైంది."

"నా మీద కోపం దీని మీద తీర్చుకుంటున్నావు నువ్వు."

"నీ మీద కోపం ఉంది. ఇంకా చాలా ఉంది. దానికీ ఈ చిరుగుకీ ఏం సంబంధం లేదు. నాకు గిట్టనివాళ్ళు తెచ్చిన కోటుకి కూడా నేను దొంగ తీర్పు చెప్పలేదు." రఫూ అమ్మ కింద పెట్టిన సంచి అందుకుంది. "నాకు అబద్ధం చెప్పావు. పోనీ, తల్లిని, పడతాను. ఈ బొమ్మ చూసి ఎక్కడో ఎవరో డాక్టరు ఇంకెవరి కంటికో వైద్యం చేస్తాడు. వాళ్ళెందుకు పడాలి?"

పిన్నీసు విసురుగా పక్క గదిలోకి వెళ్ళి, ఆ బొమ్మ తీసిన కణజాలం భద్రపరిచిన పలకని చిన్న మైక్రోస్కోపు కింద పెట్టింది. అమ్మ తప్పని చూపించాలనే పెట్టింది. ఆరు పిన్నుల గుర్తులూ చుక్కల్లా కనిపించాయి. ఐదు కంతలూ సరిగ్గా పిన్నుకీ పిన్నుకీ మధ్యనే ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

సిగ్గు అంటే ఇంత బరువుగా ఉంటుందని ఆమెకి ఇంతవరకు తెలియదు.

గోడ గడియారంలో పదకొండున్నరైంది.

* * *

డాక్టరమ్మ తన గదిలో మధ్యాహ్నం మాట్లాడబోయేది తనలో తనే చెప్పుకుంటోంది. తెల్లజుట్టు, సన్నటి మనిషి, ఎప్పుడూ నిలబడే ఉంటుంది. కూర్చుంటే నిద్రొస్తుందంటుంది.

పిన్నీసు తలుపు దగ్గరే నిలబడి చెప్పేసింది. నీళ్ళు నమలలేదు. సాకులు వెతకలేదు.

"ఎన్ని పిన్నులు?" అంది డాక్టరమ్మ.

"ఆరు మేడమ్."

"రిజిస్టర్లో?"

"రాయలేదు."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చోవడం పిన్నీసు ఎప్పుడూ చూడలేదు. అరవడం కన్నా అదే ఎక్కువ భయం వేసింది.

"నాలుగు నెలలు," అంది డాక్టరమ్మ. "నాలుగు నెలలుగా ఈ కంతల గురించే ఆలోచిస్తున్నాను. నిద్రలో కూడా."

"తప్పు నాది మేడమ్."

"తప్పు నీదే. అందులో సందేహం లేదు. ఒప్పుకుంటే చిన్నదైపోతుందనుకోకు." బల్ల మీది కాగితాలు పక్కకి తోసింది. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"తెలిసేది మేడమ్. మా అమ్మకి తెలిసిపోయింది."

"మీ అమ్మగారు డాక్టరా?"

"రఫూ చేస్తుంది. లాగితే తెగిన పోగే వెనక్కి చుట్టుకుంటుందంది."

డాక్టరమ్మ లేచి బయటికి వచ్చింది. వరండాలో బెంచీ మీద రఫూ అమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. డాక్టరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఒక పూటలో రెండోసారి.

"అమ్మా, లాగితే తెగిన పోగు వెనక్కి చుట్టుకుంటుందని మీరు అన్నారట."

"అన్నాను. తప్పైతే చెప్పండి."

"తప్పు కాదు. నేను చూడాల్సింది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, నేను చూడలేదు." ఈ మాట చెప్పడానికి ఆమె కొంచెం ఊపిరి తీసుకుంది. "కంతలు కావాలని గట్టిగా కోరుకున్నాను. అందుకే కనబడలేదు."

"కోరుకుంటే అంతేనండి," అంది రఫూ అమ్మ. స్టూలు వేసిన మనుషులందరూ గుర్తొచ్చారు కాబోలు, సంచి ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది.

డాక్టరమ్మ పిన్నీసు వైపు తిరిగింది. "అదే మనిషి రెండో కన్ను ఫ్రిజ్‌లో ఉంది. ఇంకా ముట్టుకోలేదు. మూడింటిలోపు దాని బొమ్మ తీయగలవా? పద్ధతి ప్రకారం."

"తీస్తాను మేడమ్."

"రాకపోతే వాళ్ళ ముందు నిలబడి, చూపించడానికి ఏమీ లేదని చెప్తాను. ఆ మాట నేను చెప్తాను. నువ్వు కాదు. ల్యాబు నాది."

పిన్నీసుకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నానని అంతకుముందు ఎప్పుడూ ఇంత గొప్పగా అనిపించలేదు.

"అమ్మని లోపలికి రానిస్తారా మేడమ్? ఏదీ ముట్టుకోదు."

"తెల్లకోటు వేసుకుంటే రావచ్చు."

అలా రఫూ అమ్మ జీవితంలో మొదటిసారి ఒక కొత్త కోటు వేసుకుంది, ఎక్కడా చిరగనిది. అలవాటు చొప్పున చేతి అంచులు తిప్పి కుట్టు చూసి, ఫర్వాలేదన్నట్టు తలాడించింది.

పిన్నీసు ఆ కణజాలాన్ని ద్రవంలోకి వదిలింది. అది వెంటనే చుట్ట చుట్టుకుంది. పట్టుకారు దాని దగ్గరికి జరిపింది.

"చుట్టుకోనీ," అంది రఫూ అమ్మ వెనక నుంచి. "దాని తడిలో దాన్ని ఉండనీ. అదే పరుచుకుంటుంది."

"టైమైపోతుందమ్మా."

"దానికి తెలియదు మీ మూడు గంటలు."

పన్నెండైంది. పన్నెండున్నరైంది. పిన్నీసు రెండుసార్లు పట్టుకారు ఎత్తింది. రెండుసార్లూ వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒంటిగంటకి పది నిమిషాలుండగా, ఆ చుట్ట తనంతట తనే ఒక మూల విడింది. తరవాత ఇంకో మూల విడింది. ఎవరూ లాగకుండా, నీటిలో పరుచుకుని పడుకుంది.

"ఊపిరి వదిలాక చెయ్యి కదుపు," అంది రఫూ అమ్మ.

పిన్నీసు ఊపిరి వదిలి, దాని మీద గాజు పలక దించింది. తరవాత రిజిస్టరు తెరిచి, పాత పేజీ తీసి, 'ఆరు పిన్నులు, తడి మీద బిగించాను' అని ఎర్రసిరాతో రాసి సంతకం పెట్టింది. అమ్మ భుజం మీంచి వంగి ప్రతి అక్షరం చదివింది.

లేజరు పని మొదలుపెట్టింది. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి, గీత తరవాత గీతగా దిగుతోంది. గంటన్నర పడుతుంది. ఎవరూ భోజనానికి లేవలేదు.

మూడింటికి పది నిమిషాలుండగా చివరి గీత పడింది.

కంతలు లేవు. ఒక్కటి కూడా లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నేత చెక్కుచెదరలేదు. పిన్నీసుకి ముందు సంతోషం వేసింది, ఆ వెంటనే డాక్టరమ్మ మొహం కనబడింది. నాలుగు నెలల ఆలోచన ఆ మొహంలోంచి దిగిపోతోంది.

"సరే," అంది డాక్టరమ్మ మెల్లిగా. "చెప్పడానికి ఏమీ లేదన్నమాట."

"ఉండండి," అంది రఫూ అమ్మ.

తెరకి ఒక చెయ్యి దూరంలో ఆగి, వేలు చూపించింది. ముట్టుకోలేదు, కూతురు మాటిచ్చింది కదా. "ఇక్కడ. ఈ కింది వైపు. ఇది చిరుగు కాదు. కానీ బాగా లేదు."

"ఏముందక్కడ?"

"ఉన్నిని వేడినీళ్ళలో ఉతికితే ఏమవుతుంది? పోగూ పోగూ పెనవేసుకుని, గట్టిపడి, ఒకటే ముద్దైపోతుంది. సందులు మూసుకుపోతాయి. పైకి బట్ట బాగానే ఉన్నట్టుంటుంది, తొడుక్కుంటే ఊపిరాడదు. చిరిగితే నేను బాగుచేస్తాను. ఇలా బిగుసుకున్నదాన్ని మాత్రం ఇంతవరకు విడదీయలేకపోయాను." ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. "నీరు దీనిలోంచి ఎలా పోతుందండి?"

డాక్టరమ్మ తెర మీదికి వంగింది. పిన్నీసు ఆ చోటుని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. పోగుల మధ్య నల్లగా ఉండాల్సిన సందులు అక్కడ లేవు. గోరంత మేర అంతా తెల్లగా, ముద్దగా ఉంది.

"మొదటి బొమ్మలో ఇది ఎందుకు లేదు?"

"బిగించాను కదా మేడమ్," అంది పిన్నీసు. "ముద్ద విడిపోయింది. కంతలైంది."

డాక్టరమ్మ మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. ఇది పాత దాని కన్నా చిన్న సంగతి. ఒక్క కంట్లో, ఒక్క చోట చూసింది. కానీ ఎవరూ లాగకుండా కనబడింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు, పెద్దవాళ్ళ మాటలు వినిపించాయి.

"బొమ్మ కింద పేరు రాయి," అంది డాక్టరమ్మ. "నీదీ, మీ అమ్మగారిదీ."

"నా పేరు వద్దండి," అంది రఫూ అమ్మ. "ఈ కన్ను ఇచ్చినవాళ్ళ పేరు వెయ్యండి."

"అది మాకు తెలియదమ్మా. నెంబరే ఉంది."

రఫూ అమ్మ తెర మూలలో ఉన్న ఆ నాలుగంకెల నెంబరు కేసి చూసింది. చాలాసేపు చూసింది. పిన్నీసు, ఇది నాన్నదేనా అని అమ్మ ఈసారి అడుగుతుందనుకుంది.

"అయితే ఆ నెంబరే పెద్దగా రాయండి," అంది రఫూ అమ్మ. "బొమ్మ పైన. గీత వంకర పోకుండా."

అంకెలు పిన్నీసే ఒక పొడుగాటి కాగితం మీద రాసి, తెర పైన అంటించింది. స్కేలు పెట్టుకోలేదు. గీత వంకర పోలేదు.

రఫూ అమ్మ కోటు విప్పి, మడత పెట్టి, సంచి భుజాన వేసుకుంది.

"అమ్మా, పెద్దమ్మ దగ్గరికేనా?"

ఆవిడ గది నాలుగు వైపులా చూసింది. గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టూళ్ళు కనిపించాయి.

"ఐదుగురన్నావు కదూ? దాని కేసి అంతసేపు చూసేవాళ్ళని నిలబెడతారా ఎవరైనా?"

భుజాన సంచి అలాగే ఉంచుకుని, ఒక్కొక్క స్టూలే తెచ్చి ఆ నెంబరుకి ఎదురుగా వేయడం మొదలుపెట్టింది. ఐదూ వేశాక ఒక్క క్షణం ఆగి, ఆరోది కూడా తెచ్చి చివర వేసింది. అది ఎవరికో చెప్పలేదు. సంచి ముడి ఇంకా విప్పలేదు.

తలుపు తెరుచుకుంది.